పిలిచిన నిలుచు బండి

సైకిళ్లన్నియు ఒక్కటే యనువారు చాలమంది కలరు. రెండు చక్రములు, ఒక చైను, ఒక సీటు. తొక్కినయెడల పోవును, మానినయెడల నిలుచును. ఇందులో మంచిదేమి, చెడ్డదేమి యని వారి తలంపు. అయితే ప్రతిదినము తొక్కువాడు ఈ మాట ఒప్పుకొనడు. ఒకే అంగడిలో ఒకే దినమున కొనిన రెండు సైకిళ్లలో ఒకటి నీళ్లమీద పడవవలె సాగును. రెండవది ఫర్లాంగు ఫర్లాంగునకు కూలి అడుగును. ఈ భేదమెక్కడిది? తొక్కువానికి సంతోషము కలిగించు గుణము ఇనుములో నున్నదా, చేసినవాని పనితనములో నున్నదా, బాగుచేయువాని చేతిలో నున్నదా, తొక్కువాని మనస్సులో నున్నదా?

ఈ ప్రశ్న నాకిప్పుడు వినోదమునకై వచ్చినది కాదు. మా సంఘ పెద్దలు నాకొక మోటారు సైకిలు కొని ఇయ్యవలెనని చందాలు పోగుచేయుచున్నారు. వీరపునాయునిపల్లె చుట్టునున్న పల్లెలకు నేను సైకిలు మీద పోవుట చూచి, "అయ్యగారూ, మీకు యాభై దాటినాయి. ఎండలో ఈ తొక్కుడు ఇంక సాలు," అని వారు ప్రేమతోనే చెప్పుచున్నారు. నా జవాబు కొరకు వారు కనిపెట్టుకొని యున్నారు. కాదనుటకైనను ఔననుటకైనను కారణము చెప్పవలెను గదా. అందుచేత నా సైకిలును ముందు చక్రము మొదలు వెనుక మడ్‌గార్డు వరకు ఒకమారు పరీక్షించి చూడవలసి వచ్చినది.

అది నా తండ్రిగారి హెర్క్యులీసు. ఆయన బడిపంతులు, తన జీతములో మిగిల్చి దానిని కొనెను. హెర్క్యులీసు అను పేరు మొదట ఇంగ్లండులోని బర్మింగుహాము పట్టణమునకు చెందినది. 1949లో మద్రాసులో స్థాపింపబడిన టీ.ఐ. సైకిళ్ల సంస్థ అంబత్తూరులో కర్మాగారము పెట్టి ఆ పేరుతో మన దేశమందే సైకిళ్లు చేయసాగెను. సోనేపటులో 1951లో ఆరంభమైన అట్లాసు, లూధియానాలో 1956లో ఆరంభమైన హీరో, వీటితోపాటు హెర్క్యులీసు కూడ మన పల్లెలలో పంతుళ్లకును, పాలవారికిని, తపాలా బంట్రోతులకును కాళ్లయినవి. వీటిలో అట్లాసు వారి చివరి కర్మాగారము సాహిబాబాదులో 2020 జూను 3వ తేదీన మూతపడినది. ఆ తేదీ ఐక్యరాజ్యసమితి 2018లో ప్రపంచ సైకిలు దినముగా ఏర్పరచిన దినమే.

మొదట కొలతను గూర్చి చెప్పుదును. చెప్పులు కొనునప్పుడు కాలు కొలిచి కొనువారు సైకిలు కొనునప్పుడు ఏమియు కొలవరు. పాత సైకిళ్ల చట్రములు 20 అంగుళములు, 22 అంగుళములు, 24 అంగుళములుగా వచ్చెడివి. మా తండ్రిగారును నేనును ఒకే ఎత్తు మనుష్యులము గనుక ఆయన 22 అంగుళముల చట్రము నాకును సరిపోయినది. సీటు ఎత్తు చూచుటకు సులభమైన పద్ధతి యొకటి కలదు. గోడను పట్టుకొని సీటు మీద కూర్చుండి, పెడలు పూర్తిగా క్రిందికి వచ్చినప్పుడు మడమను దానిమీద నుంచవలెను. కాలు నిటారుగా చాగినయెడల ఎత్తు సరిగా నున్నట్లు. తరువాత పాదపు ముందుభాగముతో తొక్కినప్పుడు మోకాలు కొంచెము వంగి యుండును. సీటు తక్కువైనయెడల ప్రతి త్రొక్కునకు మోకాలు మడతపడి నొచ్చును. ఎక్కువైనయెడల నడుము అటునిటు ఊగును. మోకాళ్ల నొప్పి యని వైద్యునియొద్దకు పోవువారిలో కొందరికి సైకిలు షాపులో ఒక మర త్రిప్పించుకొనుటయే చాలును.

రెండవది చట్రపు రూపము. 1885లో ఇంగ్లండులోని కవెంట్రీ పట్టణమున జాన్ కెంపు స్టార్లీ అనునతడు ఇంచుమించు సమాన చక్రములతో, వెనుక చక్రమునకు చైనుతో 'రోవరు' అను సైకిలు చేసెను. 1888లో బెల్ఫాస్టు పట్టణములో పశువైద్యుడైన డన్లపు తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టములను అమర్చెను. ఆ ఇద్దరి పనియు కలిసినదే నేటి మన సైకిలు. మన పెద్ద సైకిళ్ల చట్రము పొడవైనది. ముందు గొట్టము బాగుగా వెనుకకు వాలి యుండును. ఫోర్కు చివర ముందుకు వంగి యుండును. చక్రము 28 అంగుళములది. చక్రము పెద్దదైనకొలది చిన్న గుంటలో దిగబడదు. చట్రము పొడవైనకొలది ఎగురుడు తగ్గును. బరువు ఇరవై కిలోల వరకుండుట నిజమే. కాని నాపరాతి ముక్కలు పరచిన మా దారిలో తేలిక బండి మేకపిల్లవలె గంతులు వేయగా, ఇది ముసలి యెద్దువలె చూచి చూచి అడుగు వేయును.

ఈ బండికి చేతులు వదలినను తిన్నగా పోవు గుణము కలదు. ఎందుచేత? ముందు గొట్టము వాలిన వాలునుబట్టి ఒక కర్రను నేలవరకు ఆనించి చూడుడి. కర్ర నేలను తాకుచోటు టైరు నేలను తాకుచోటునకు కొంచెము ముందున్నట్లు కనబడును. అనగా చక్రము తన దారి వెనుక తాను నడచుచున్నది. తాడు పట్టి లాగిన బొమ్మబండి ఎట్లు లాగినవాని వెంట తిన్నగా వచ్చునో అట్లే యిదియు. 1970లో డేవిడ్ జోన్స్ అను ఆంగ్ల రసాయన శాస్త్రజ్ఞుడు ఎవరును తొక్కలేని సైకిలును చేయవలెనని పట్టుబట్టెను. తిరుగుచున్న చక్రపు బలమే సైకిలును నిలుపుచున్నదని అనేకులు చెప్పుదురు గనుక, దానికి విరుద్ధముగా తిరుగు మరియొక చక్రమును ప్రక్కన బిగించెను. అయినను ఆ సైకిలును తొక్కగలిగెను. ముందు చక్రమును కొన్ని అంగుళములు ముందుకు జరిపినప్పుడు మాత్రమే అది మిక్కిలి కష్టపెట్టెను. 2011లో మరికొందరు శాస్త్రజ్ఞులు ఈ రెండు కారణములును లేకుండ చేసిన చిన్న బండి కూడ త్రోసినప్పుడు తనంతట తాను నిలిచి పోవుటను చూపిరి. కాబట్టి సైకిలు నిలుచుటకు కారణము ఒక్కటి కాదు. అనేకములు కూడి చేయుచున్న పని అది.

మూడవది చక్రము. ఇక్కడ చేసినవాని పనికంటె బాగుచేయువాని పని గొప్పది. నా సైకిలుకు ముందు 32 పుల్లలు, వెనుక 40 పుల్లలు కలవు. ఎద్దులబండి చక్రములో క్రిందనున్న ఆకు స్తంభమువలె బరువును మోయును. సైకిలు పుల్ల అట్టిది కాదు. మీదినుండి నొక్కినయెడల సన్నని తీగవలె వంగిపోవును. దానిని ముందుగనే బిగించి లాగి కట్టుదురు. అందుచేత బరువు పడినప్పుడు అడుగునున్న పుల్లలలో బిగువు కొంచెము సడలును గాని పుల్ల వంగదు. చక్రము తిరుగుచుండగా ఆ సడలుట ఒకదాని తరువాత ఒకదానికి వంతుగా వచ్చును. వానిలో కొన్ని వదులైనయెడల ఆ భారము ప్రక్కవాని మీద పడి, అవి తెగును, రింగు వంకరపోవును.

మా సైకిలు షాపు సాయిబు బెండు తీయుట నేను ఎన్నోమారులు కూర్చుండి చూచితిని. సైకిలును తలక్రిందులుగా నిలిపి, చక్రమును త్రిప్పి, ఒక్కొక్క పుల్లను వ్రేలితో మీటి వినును. బిగువుగా నున్న పుల్ల తంబుర తీగవలె పలుకును; వదులుగా నున్నది టపటప యనును. "అయ్యా, పలకని పుల్లను ఒక్కదాన్నే బిగిస్తే బెండు ఇంగా పెరుగుతాది," అని ఆయన ఒకమారు నాతో చెప్పెను. "దానికి ఈ పక్కది, ఆ పక్కది సూసుకోని, తలా రవ్వంత తిప్పాల." నేను వేదాంత కళాశాలలో సంఘపరిపాలనను గూర్చి చదివిన గ్రంథములు మంచివే. అయినను మాట్లాడక ముడుచుకొనిపోయిన మనుష్యుని ఎట్లు చూడవలెనో ఆ షాపు ముందర స్టూలు మీద కూర్చుండి నేర్చుకొన్నంత తేటగా మరెక్కడను నేర్చుకొనలేదు.

నాలుగవది ఇరుసులలోని గుండ్లు. ముందు ఇరుసునకు ప్రక్కకు పదేసి చిన్న గుండ్లు, వెనుక ఇరుసునకు ప్రక్కకు తొమ్మిదేసి కొంచెము పెద్ద గుండ్లు ఉండును. సంవత్సరమున కొకమారు ఓవరాయిలింగు చేయించి, పాత జిడ్డు కిరసనాయిలుతో కడిగించి, క్రొత్త గ్రీజు పెట్టించవలెను. తరువాత బిగించుటలోనే నేర్పంతయు కలదు. ఎక్కువ బిగించినయెడల గుండ్లు నలిగి అరుగును. తక్కువ బిగించినయెడల చక్రము కదలి, గిన్నె చెడును. చక్రమును పైకెత్తి వదలినప్పుడు, గాలి కొట్టు ముక్కు బరువునకే అది తనంతట తాను మెల్లగా తిరిగి, ఆ ముక్కు అడుగునకు వచ్చి, కొంచెము ముందునకు వెనుకకు ఊగి నిలిచినయెడల సరిగా కుదిరినట్లు. ఈ పరీక్షకు రూపాయి ఖర్చులేదు. చైనుకు నూనె, టైరుకు గాలి, రింగుకు ఒరయని బ్రేకు రబ్బర్లు, ఈ మూడును దానికి కలిసినప్పుడు బండి బరువు సగమైనట్లు తోచును.

ఐదవది పండ్ల లెక్క. నా సైకిలుకు ముందు పండ్లచక్రము 44 పండ్లది, వెనుక ఫ్రీవీలు 18 పండ్లది. పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు వెనుక చక్రము దాదాపు రెండున్నర చుట్లు తిరుగును; బండి సుమారు అయిదున్నర మీటర్లు ముందుకు పోవును. నిమిషమునకు 40 చుట్లు, అనగా ఆయాసపడక పాట పాడుకొనుచు తొక్కినయెడల గంటకు 13 కిలోమీటర్లు సాగును. నడచువాడు అంతే శ్రమతో దానిలో సగమైనను పోలేడు. ఒక కిలో బరువును ఒక కిలోమీటరు దూరము మోసికొనిపోవుటకు సైకిలు మీది మనుష్యునికంటె తక్కువ శక్తి ఖర్చుచేయు జంతువును గాని యంత్రమును గాని తాను కనుగొనలేదని ఆంగ్ల పండితుడైన ఎస్.ఎస్. విల్సన్ 1973లో ఒక విజ్ఞాన పత్రికలో వ్రాసెను. మా ఆషాఢపు గాలిలో మాత్రము ఈ లెక్కలన్నియు తారుమారగును. వేంపల్లె వైపు పోవునప్పుడు గాలి యెదురు. దిగి నెట్టుకొనుట మేలు. ఎర్రగుంట్ల వైపు పోవునప్పుడు అదే గాలి వీపున చేయివేసి నడిపించును.

ఇంతవరకు చెప్పినది బండిని గూర్చి. ఇది యెందుకు చెప్పితిననగా, 2017లో మన రాష్ట్ర ప్రభుత్వము 'బడికొస్తా' అను పథకము క్రింద తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లను పంచినది. అట్టి సైకిలొకటి మా పల్లెలలో ఒక ఇంటి గోడకు ఆని యుండుట చూచితిని. అక్క చదువు ముగిసినది. చెల్లెలు బడికి నడచి పోవుచున్నది. "ఏమమ్మా, సైకిలుండి నడుస్తావే?" అని అడిగితిని. "అది బరువు సామీ, కాళ్లు పీకుతాయి," అని ఆ పిల్ల చెప్పెను. ఇంటిలో వారు దానిని పాత సామానుల వానికి అమ్మివేయ తలంచుచుండిరి. చూడగా సీటు అట్టడుగున నున్నది. బ్రేకు రబ్బరు రింగును ఒరయుచున్నది. టైరులో గాలి సగమైనను లేదు. కంపముల్లొకటి ట్యూబులో నిలిచియున్నది. సాయిబు చేతిలో గంటసేపటి పని. తరువాత ఆ పిల్ల వీధి చివరవరకు పోయి వచ్చి, దిగక మరల పోయెను. బరువు సైకిలుది కాదు. దానిని ఎవరును చూడకపోవుటయే బరువైనది. ఆ పిల్ల పదవ తరగతికి దూరపు బడికి పోవుట ఆ సైకిలు మీద ఆధారపడి యుండెను, ఇప్పుడు పోవుచున్నది.

ఇక తొక్కువానిని గూర్చి చెప్పవలసినది మిగిలినది. గంటకు 13 కిలోమీటర్లు పోవుటలో ఒక మేలు కలదు. శనగ చేనిలో కలుపు తీయు తల్లి "అయ్యగారూ!" అని పిలిచినయెడల నాకు వినబడును. ఇంజను శబ్దము లేదు, తలమీద హెల్మెటు లేదు. వినబడినప్పుడు ఒక కాలు నేలమీద పెట్టితినా, నిలిచితినే. మోటారు సైకిలు మీద పోవువానిని పల్లెవారు పిలువరు. పోవుచున్నాడులే యని చేయి మాత్రము ఎత్తుదురు. పిలువదగినంత మెల్లగా పోవుట పాదిరికి బలహీనత కాదు, అతని పనిలో భాగము.

రెండు సంవత్సరముల క్రిందట ఒక సాయంకాలము అనిమెల దారిలో వచ్చుచుండగా ఒక రైతు కల్వర్టు గోడమీద ఒంటరిగా కూర్చుండి యుండెను. ఆయన మా సంఘమువాడు కాడు, ముఖపరిచయము మాత్రమే. నేను దాటిపోవుచుండగా చాల చిన్న స్వరముతో, "యాడికి పోయొస్తాండారు అయ్యగారూ?" అనెను. నిలిచితిని. "ఊరికే, ఇంటికే. ఏమి నాయనా, పొద్దుపోయినాక ఈడ కూర్చుంటివే?" అంటిని. "ఏం లేదు, కూచ్చోనుండా," అనెను. మూడు బోర్లు వేసి మూడును ఎండినవని, బాకీ పెరిగినదని, ఇంటిలో చెప్పలేదని కొంతసేపటికి చెప్పెను. ఆయన ప్రక్కన ఒక చేతిసంచి యుండెను. దానిలో ఏమున్నదో నేనడుగలేదు. "పొద్దుపోయింది, నడువు నాయనా, ఇద్దరము పోదాము," అని సైకిలును నెట్టుకొనుచు ఆయన ప్రక్కన నడచితిని. రెండు మైళ్లు. నేను చెప్పినది తక్కువ, ఆయన చెప్పినది ఎక్కువ. ఇంటి వాకిట చేరినప్పుడు ఆయనే ఆ సంచిని నా క్యారియరుకు తగిలించి, "ఇది మీరే తీసకపోండి," అనెను. ఆయన నేటికిని సేద్యము చేయుచున్నాడు. బాకీ పూర్తిగా తీరలేదు. భార్యకు తెలిసినది, బంధువులకు తెలిసినది, భారము పదిమంది మీదికి పంచబడినది.

ఆ స్వరము ఇంజను శబ్దమును దాటి నా చెవినిబడి యుండునా? బడి యుండదనియే నా తలంపు. మరియొక సంగతి కూడ చూడుడి. సైకిలు ఎక్కుటకు ఎంత మంచిదో, దిగి నెట్టుకొనుచు ఒకని ప్రక్క నడచుటకును అంత మంచిది. అది దారిలో మనుష్యునికి మూడవ తోడుగా, ఏమియు మాటలాడక, ఫ్రీవీలు టిక్కుటిక్కుమనుచు వచ్చును. ఇట్టి గుణము మరి ఏ వాహనమునకు కలదు?

అయితే పెద్దల మాటలోను న్యాయము కలదు. ఏప్రిలు, మే మాసములలో మా ఎండ నలుబది డిగ్రీలు దాటును. అర్ధరాత్రి ఎవరికైన ప్రాణము మీదికి వచ్చి పిలుపు వచ్చినప్పుడు సైకిలు చాలదు. 2005లో ఆరంభమైన 108 వాహనము పిలిచిన వచ్చును గాని, అది వచ్చులోపల రోగియొద్ద ఒకరుండవలెను గదా. ఇప్పుడు అట్టి వేళ ఎవరో యొక యువకుని నిద్రలేపి అతని బండి వెనుక కూర్చుండి పోవుచున్నాను. ప్రేమతో ఇచ్చినదానిని త్రోసివేయుట వినయము కాదు. అది కొన్నిమారులు గర్వమే.

కాబట్టి వారికి నేను ఇట్లు జవాబు చెప్పబోవుచున్నాను. మోటారు సైకిలును కొనుడి. నా పేర గాక సంఘము పేర కొనుడి. అది గుడి ప్రక్క వసారాలో నుండవలెను. రాత్రి పిలుపు వచ్చినప్పుడు, ఎవరి ఇంటిలోనైన రోగముండి ఆసుపత్రికి పోవలసినప్పుడు, మతమును అడుగక ఎవరికైనను అది ఉపయోగపడవలెను. దాని తాళపుచెవి యువకులయొద్ద నుండనిండు. పగటివేళ దగ్గరి పల్లెలకు మాత్రము నా మోకాళ్లు సాగినంతకాలము హెర్క్యులీసు మీదనే పోవుదును. పోగైన చందాలో కొంచెము మిగిలినయెడల, గోడలకు ఆని త్రుప్పు పట్టుచున్న ఆడపిల్లల సైకిళ్లను సాయిబు షాపునకు పంపుడి. ఆ షాపునకు పని తగ్గిపోయినది. పుల్లను మీటి విని బెండు తీయగల ఆ చేయి ఊరిలో నుండవలెనన్నను మనము పని చూపవలెను.

చదువరులారా, మీ ఇంటి వెనుకను ఒక పాత సైకిలుండవచ్చును. దానిని అమ్మక మునుపు నాలుగు పనులు చేయుడి. సీటు మీ కాలికి కొలిచి ఎత్తుడి. గాలి నింపుడి. చైనుకు నూనె వేయుడి. చక్రమునెత్తి త్రిప్పి, ఎక్కడ ఒరయుచున్నదో చూడుడి. తరువాత ఎక్కి, సాయంకాలము చల్లబడినవేళ, మీ ఊరి దారిలో ఒక మైలు పోయి రండి. దారిలో ఎవరైన పిలిచినయెడల నిలువుడి.